బేరమాడని చెయ్యి

నేను బేరమాడి చెడగొట్టిన పనుల జాబితా రాస్తే ఉప్పల్ చౌరస్తాలో మొదలుపెట్టి నాచారం దాకా పరచవచ్చు. వాటిలో చాలావాటికి కాసేపు మొహం మాడ్చుకోవడంతో శిక్ష సరిపోయింది. ఒక్క బేరం మాత్రం అలా తీరలేదు. సొంత వదినతో, ఆమె నిద్ర మీద ఆడిన బేరం అది. దాని పుణ్యమా అని మనిషి లేని తెల్లటి చెయ్యి ఒకటి వచ్చి మా అమ్మ దగ్గర ఉప్పు కొనుక్కుపోయింది. నేను ఆ చేతిని తరిమేశాను. తరిమేసి అమ్మ ప్రాణం మీదికి తెచ్చాను. చెబుతాను వినండి. నవ్వు వస్తే నవ్వండి, మొహమాటం వద్దు. నాకు మాత్రం ఆ కిటికీ గుర్తొస్తే ఇప్పటికీ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

పాత ఉప్పల్లో మా పుట్టిల్లు. ముందు గది కిరాణా దుకాణం, వెనక మూడు గదులు కాపురం. బాపు సరుకు తెచ్చేవాడు, అమ్మ గల్లా దగ్గర కూర్చునేది. నేను అక్షరాలకంటే ముందు తక్కెడ ముల్లు చదవడం నేర్చుకున్నాను. పెళ్ళయి నాచారం వెళ్ళాక అక్కడ స్టీలు సామాన్ల కొట్టు పెట్టాను. సరోజ దగ్గర కొన్నవాడు గెలవడు, సరోజకు అమ్మినవాడూ గెలవడు అని నాకో పేరుండేది. ఆ పేరు నేనే పెట్టుకున్నాను, అది వేరే సంగతి.

బాపు పోయాక దుకాణం మూతపడింది. షట్టర్ దించేశారు. సీసాలు, తక్కెడ, తూకపు రాళ్ళు లోపల ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఆ తర్వాత అమ్మకు మతిమరుపు మొదలైంది. మొదట తాళంచెవులు మరిచింది, తర్వాత వీధులు మరిచింది, ఆ తర్వాత మమ్మల్ని మరిచింది. అన్నయ్య లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. అందుకని అమ్మను చూసుకునేది మా వదిన సుజాత ఒక్కతే. నేను ఆదివారాలు అరడజను అరటిపండ్లతో వెళ్ళి, డజను సలహాలిచ్చి వచ్చేదాన్ని. అమ్మ నన్ను చూసి, "ఏం గావాలమ్మా?" అని గిరాకీని అడిగినట్టు అడిగేది. పరాచకాలాడుతోందిలే అని సర్దిచెప్పుకునేదాన్ని.

ఇది ఆరేళ్ళ కిందటి మాట. డిసెంబరు చలిలో ఒక ఆదివారం వదిన నన్ను వంటింట్లోకి పిలిచింది.

"సరోజా, ఒకటడుగుత. కాదనకు."

"అడుగు వదినా."

"వారం దినాలు నాకు సెలవియ్యి. సైనిక్‌పురిల మా చెల్లె ఇంటికి పోత."

"ఏమన్న ఫంక్షనా?"

"పండుకోనీకి."

"ఏందీ?"

"పండుకుంట. అంతే. నాలుగేండ్లాయె సరోజా, తెల్లారేదాక ఒక్కపారి నిద్ర పోయింది లేదు. అమ్మ ఎప్పుడు లేస్తదో, ఎటు పోతదో అని ఒక కన్ను తెరిచే ఉంటది. చెల్లెకు జెప్పిన, తిననీకి గూడ నన్ను లేపొద్దని."

మామూలు మనిషైతే అక్కడే కరిగిపోయేది. నా చెవికి మాత్రం 'వారం' అన్న ఒక్క మాటే వినపడింది. ఆ తర్వాత నా ప్రమేయం లేకుండా నాలుక పనిలోకి దిగింది.

"వారమా? మస్తయితది వదినా. రెండు రోజులు జూద్దాం."

"రెండు రోజులు కండ్లు మూసుకునుడుకే సరిపోతయి. ఆరన్న ఇయ్యి."

"మూడు. అవతల నా కొట్టెవరు సూస్తరు?"

"అయిదు, సరోజా."

"నాలుగు. అదే ఆఖరు మాట."

వదిన నా మొహంలోకి ఒక నిమిషం చూసింది. ఊరంతా తిరిగి, కాళ్ళు నొప్పి పుట్టి, చివరికి నా కొట్టులోనే సొట్టపడ్డ గిన్నె కొనుక్కునే మనిషి చూపు అది. "సరే, నాలుగే ఇయ్యి," అంది. మూడు రోజులు మిగిల్చానని నాకు ఎంత సంతోషమో! నిద్రలేని మనిషి నిద్రలోంచి వాటిని కోశానన్న ఆలోచన వస్తే ఒట్టు.

వెళ్ళేముందు వదిన రెండు కాగితాలు తెచ్చింది. మొదటిదాంట్లో లేవగానే ఏం చెయ్యాలి, షుగర్ గోలీ ఎప్పుడెయ్యాలి, ఎంతసేపటికి తినిపించాలి, స్నానానికి నీళ్ళు ఎంత వేడి, ఏ చెప్పులైతే జారదు అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి ఉన్నాయి. చదివి, రెండోది తిరిగిచ్చేశాను.

"మా అమ్మ గురించి నాకే రెండు కాగితాలా వదినా? ఒక్కటి సాలు."

"గిది గూడ సూడు. అసలుది దీంట్లనే ఉన్నది."

"నా తల్లి నాకు తెల్వదా?"

వదిన వాదించలేదు. కాగితం మడిచి, చీకటి దుకాణంలోకి వెళ్ళి, గల్లా బల్ల మీద కిలో రాయి కింద పెట్టి వచ్చింది. "రాయి కింద ఉన్నది సరోజా, మర్చిపోకు," అని ఆటో ఎక్కింది. ఆటో మలుపు తిరగకముందే ఆమె తల పక్కకు వాలిపోయింది. గుమ్మంలో నిలబడి నేను అది చూశాను. చూసి, 'అబ్బ, ఎంత నటన!' అనుకున్నాను.

మర్నాడు ఆరు గంటలవుతుండగా మెలకువ వచ్చింది. పక్క మంచం మీద అమ్మ లేదు. ఆమె దుప్పటి మాత్రం నాలుగు మడతలు పెట్టి, అంచులు కలిపి, మంచం నడుమ ఉంది. జాకెట్ గుండీ తాను పెట్టుకోలేని మనిషి ఆ దుప్పటి మడత ఎలా పెట్టింది?

స్నానాలగది చూశాను, లేదు. వీధి తలుపు గడియ వేసినట్టే ఉంది. "అమ్మా" అని పిలిచాను. జవాబు రాలేదు కానీ, ఎక్కడో ఇనుము ఇనుముకు తగిలినట్టు చిన్న శబ్దం వినపడింది. టిక్. మళ్ళీ టిక్. ఇంటికీ దుకాణానికీ మధ్య తలుపు, ఎప్పుడూ మూసి ఉండేది, బెత్తెడు తెరుచుకుని ఉంది.

లోపల చీకటి. షట్టర్ అంచుల్లోంచి పొగమంచు వెలుతురు బూడిదలా రాలుతోంది. అరల మీద ఖాళీ సీసాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్నా ఇంగువ వాసన మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యలేదు. గల్లా వెనక ఎత్తు పీట మీద అమ్మ కూర్చుని ఉంది. తల దువ్వుకుంది. కొంగు నిండుగా కప్పుకుంది. వెన్ను నిటారుగా ఉంది. ఆమె ముందు తక్కెడ పళ్ళెం, గాలి లేని గదిలో, మెల్లగా ఊగుతోంది.

"అమ్మా, ఇక్కడేం జేస్తున్నవ్?"

"ష్. వచ్చే యాళ్ళయింది."

"ఎవరు?"

"బోణీ."

దుకాణదారుల ఇంట్లో పుట్టనివాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. బోణీ అంటే ఆ రోజు మొదటి బేరం. ఆ మనిషిని ఉత్త చేతులతో పంపకూడదు. అతనిచ్చిన నాణెం కళ్ళకద్దుకోవాలి. బోణీ కాకుండా అమ్మ తన జన్మలో గుక్కెడు చాయ్ తాగిన మనిషి కాదు. ఇదంతా నాకు తెలుసు. దుకాణమే లేని చోట బోణీ ఎక్కడినుంచి వస్తుందన్నదే నాకు తెలియదు.

టక్, టక్, టక్.

షట్టర్ పక్కన గోడలో చెయ్యి పట్టేంత కిటికీ ఒకటుంది. దానికి పక్కకు జరిగే చెక్క. షట్టర్ వేశాక వచ్చిన గిరాకీకి బాపు అందులోంచే సరుకిచ్చేవాడు. నేను చూస్తుండగానే ఆ చెక్క పక్కకు జరిగింది. ముందు పొగమంచు లోపలికి వచ్చింది. దాని వెనక చెయ్యి వచ్చింది.

తెల్లటి చెయ్యి. తెల్లటి అంటే పచ్చని దబ్బపండు ఛాయ అనుకునేరు. గోళ్ళు తెలుపు, అరచేతి గీతలు తెలుపు, మణికట్టు మీద వెంట్రుకలు తెలుపు. మోచేతి దాకా సున్నంతో పోతపోసినట్టుంది. మోచేతి అవతల ఏమీ లేదు, మంచు తప్ప.

"అమ్మా, గల్లుప్పు," అంది ఒక గొంతు. బట్ట కింద నుంచి మాట్లాడినట్టుంది.

అమ్మ చిన్న పొట్లం ఒకటి ఆ అరచేతిలో పెట్టింది. నాణెం బల్ల మీద మోగింది. అమ్మ దాన్ని రెండు కళ్ళకూ అద్దుకుంది. చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది. చెక్క మూసుకుంది.

పట్టుచీర ధరను సగానికి దింపగల నా నాలుక అంగిట్లో ఎక్కడో ఇరుక్కుపోయింది. 'మనిషే అయ్యుంటాడులే' అని ధైర్యం చెప్పుకోబోయాను. కానీ లోపలున్న వ్యాపారి ఒప్పుకోలేదు. మీరే ఆలోచించండి. ఆ చెయ్యి ధర అడగలేదు. పొట్లం చేతిలో ఎగరేసి తూకం చూడలేదు. పక్క దుకాణంలో ఇంతకంటే తక్కువకే ఇస్తున్నారని అనలేదు. బేరమాడకుండా కొనుక్కుపోయే ప్రాణి బతికున్న మనిషా? ఉప్పల్లోనా?

"ఎవరమ్మా అది?" అన్నాను, గొంతు దొరికాక.

"కిష్టయ్య. చెయ్యి మంచిది ఆయనది. ఆయన బోణీ జేస్తె పొద్దుమూకేదాక గిరాకే."

 కిష్టయ్య అంటే మా పాత ఉప్పల్లో ఇళ్ళకు సున్నాలు వేసే మనిషి. ఎప్పుడు చూసినా మోచేతుల దాకా తెల్లగా ఉండేవాడు. నేను ఏడో తరగతి చదువుతుండగా పోయాడు. ఆ రోజు శవం ఈ దుకాణం ముందునుంచే వెళ్ళింది. బాపు షట్టర్ సగానికి దించి, చేతులు కట్టుకుని నిలబడటం నాకు బాగా గుర్తు.

అమ్మ మాత్రం పీట దిగి, లోపలికొచ్చి, గిన్నెడు రాగి జావ తాగి, గిన్నె అడుగు వేలితో నాకింది. నాకు నీళ్ళు కూడా దిగలేదు.

గంట తర్వాత గుండె రాయి చేసుకుని వీధి తలుపు తీశాను. మెట్టు మీద ఉప్పు పొట్లం ఉంది. అదే కాగితం, అదే ఎర్ర దారం, అదే ముడి. మంచుకు తడిసి ఉంది. నేను ముట్టుకోలేదు, అమ్మే వచ్చి తీసుకుపోయి గల్లా మీద పెట్టుకుంది. కిటికీ చెక్క మీద నాలుగు తెల్లని వేలిముద్రలు. కొన్న సరుకు వాపసు పెట్టి పైసలు అడగకుండా పోయిందంటే ఇక నాకు సందేహమే లేదు. ముమ్మాటికీ దయ్యమే.

తెలిసినవాళ్ళిచ్చిన నంబరు ఒకటుంటే, పీర్జాదిగూడలో ఒక మంత్రగాడికి ఫోన్ చేశాను. ఆయన ధర చెప్పాడు.

"గంతనా స్వామీ? నిమ్మకాయలు మావే పెట్టుకుంటె ఎంత తగ్గిస్తవ్?"

"నిమ్మకాయలకు ఏం తగ్గుతదమ్మా?"

"పోనీ ఇది ఇను. నిండు దయ్యం గాదు స్వామీ, ఒక్క చెయ్యే ఉన్నది. చేతికి నిండు దయ్యం రేటెట్ల అడుగుతవ్?"

"అమ్మా, నువ్వు చెప్పే రేటుకు అది గేటు దాక గూడ పోదు," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

సరే, మనకు చేతులు లేవా? అన్నయ్య సామాన్ల పెట్టెలోంచి నాలుగు పొడుగు మేకులు తీశాను. సుత్తి దొరకలేదు. గల్లా మీది కిలో రాయి చేతికందింది. దాని కింద మడతపెట్టిన కాగితం ఉంది. అవును, అదే కాగితం. చెక్కకూ చట్రానికీ మధ్య సందు ఉండి చెక్క కదులుతోంటే, ఆ కాగితాన్ని మరో రెండు మడతలు పెట్టి సందులో కుక్కాను. పైన మేకులు దిగ్గొట్టాను. ఇంతకంటే శ్రద్ధగా తన మూర్ఖత్వాన్ని తానే మేకులేసి బిగించుకున్న మనిషి ఎవరైనా ఉంటే నాకు చెప్పండి, వెళ్ళి కలిసి వస్తాను.

అమ్మ గడపలో నిలబడి చూస్తోంది.

"ఏం జేస్తున్నవమ్మా? అది గిరాకీ కిటికీ."

"చలి వస్తున్నదమ్మా."

"రానియ్యి. గిరాకీ గూడ అండ్లకెల్లే వస్తది."

రెండో రోజు ఉదయం, మొదటి కాగితంలో రాసినట్టే, అమ్మకు షుగర్ గోలీ వేశాను. అరగంటలో తినిపించాలి. నేను జావ కాచేలోపు ఆమె దుకాణంలోకి వెళ్ళి పీటెక్కింది. పళ్ళెం ఊగడం మొదలైంది.

టక్, టక్, టక్.

చెక్క కదలలేదు. మళ్ళీ టక్, టక్, టక్.

"అమ్మా," అంది గొంతు. "అమ్మా, బోణీ."

నేను చీపురు అడ్డం పట్టుకుని నిలబడ్డాను. ఒక్కసారిగా షట్టర్ కదిలింది. అరల మీద ఖాళీ సీసాలన్నీ ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి.

"పో!" అని అరిచాను. "దుకాణం బందయింది! ఇక్కడేం లేదు!"

షట్టర్ ఆగింది. తర్వాత ఆ గొంతు మెల్లగా, "అమ్మ తిన్నదా?" అని అడిగింది.

 నా తల్లి తిండి సంగతి దయ్యానికెందుకు? అది ఇంకా ఏదో చెప్పబోయింది. నేను రెండు చెవులూ గట్టిగా మూసుకుని తెలిసిన దేవుళ్ళందరినీ హాజరు పిలుస్తున్నాను కాబట్టి వినపడలేదు. చేతులు తీసేసరికి అడుగుల చప్పుడు దూరమవుతోంది.

"మొదటి బేరం మర్లిపోయింది," అంది అమ్మ. చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది.

జావ తెచ్చాను. మొహం తిప్పుకుంది. "బోణీ గాలే." అరటిపండు. "బోణీ గాలే." చాయ్. పళ్ళు బిగించింది.

"అయిందమ్మా, ఇందాకనే అయింది. మస్తు బోణీ అయింది."

అమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వెవరమ్మా? గిరాకీవైతే అవతల నిలబడు. గల్లా దిక్కు రావొద్దు."

ఏడున్నరకు వదిన ఫోన్. గొంతు నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టుంది.

"సరోజా... బోణీ అయిందా?"

 వదినకు ఇది తెలుసు! అంటే ఆ చేతితో ఈమెకూ లావాదేవీ ఉందా? నిజం చెబితే ఏమవుతుందో కూడా మరుక్షణమే తోచింది. పరిగెత్తుకుంటూ వస్తుంది. నాలుగు రోజులు నేను నిలబడలేకపోయానని తేలిపోతుంది. ఇలాంటి చోట కూడా ఓడిపోవడం నాకు చేతకాలేదు.

"అయింది వదినా. అమ్మ తిన్నది గూడ. నువ్వు పండుకో."

"అట్లనా... మంచిగ..." అంది. అంతే. తర్వాత మాట లేదు, ఊపిరి మాత్రమే వినపడింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే నిద్రపోయింది. మాట మధ్యలో నిద్రపోయేంత అలసట నటన కాదని నాకు అప్పుడు తెలిసింది. ఆ ఊపిరి వింటూ కాసేపు ఫోన్ పెట్టలేకపోయాను.

ఎనిమిదవుతుండగా పళ్ళెం చప్పుడు మారింది. టిక్ టిక్ టిక్ అని వేగంగా మోగుతోంది. వెళ్ళి చూస్తే, అమ్మ వేళ్ళు వణుకుతూ దానికి తగులుతున్నాయి. అంత చలిలో ఆమె పై పెదవి మీద చెమట. నుదురు ముట్టుకుంటే తడి రాయిలా ఉంది. గోలీ కడుపులో ఉంది, దాని మీద మెతుకు లేదు. చక్కెర తెచ్చి పెదాలకు రాశాను. పళ్ళు విడలేదు. కళ్ళు కిటికీ మీంచి కదలలేదు.

"వస్తడు," అంది. గొంతు దారంలా సన్నబడింది. "కిష్టయ్య వస్తడు."

అప్పుడు దిగింది నా మత్తు. వచ్చేది ఎవరైతే నాకేం? వాడు వస్తేనే నా తల్లి తింటుంది. కిటికీ మీద పడ్డాను. పట్టుకారుతో మేకులు పీకాను. ఒకటి రాకపోతే రాయితో చెక్కనే పగలగొట్టాను.

"రా నాయనా!" అని అరుస్తున్నాను. "దయ్యమైతే దయ్యమే! రా, ఉప్పు కొనుక్కో! ఎంతిస్తె అంతియ్యి!"

నా జీవితంలో ధర గిరాకీకే వదిలేసింది ఆ ఒక్కసారే.

చెక్క ఊడివచ్చింది. మడత కాగితం కింద పడింది. కిటికీకి జానెడు దూరంలో, మంచులో, ముక్కు దాకా తెల్లటి మఫ్లరు చుట్టుకున్న తల ఒకటి రెండు కళ్ళతో నన్నే చూస్తోంది. నేను కెవ్వుమన్నాను. ఆ తల నాకంటే గట్టిగా కెవ్వుమంది.

"చెల్లే, నేను! యాదగిరిని! ఎదురింటి మేడ మీద కిరాయికుంట!" మఫ్లరు కిందికి లాగాడు. నెరిసిన మీసం, యాభై దాటిన మనిషి.

"మరి ఆ చెయ్యి?"

"నాచారంల పౌడర్ డబ్బాలు నింపే కంపెనీల పని జేస్త. రాత్రి డ్యూటీ దిగి ఇట్లనే వస్త. చేతులు కడుక్కోకుండ వచ్చి బోణీ జెయ్యన్న అని సుజాతమ్మ జెప్పింది. నాకు దారిలనే గదా. ఉప్పు మల్ల మెట్టు మీద పెట్టి పోత, రేపటికి పనికొస్తదని. అమ్మ తిన్నదా?"

"తినలే."

"నాకు తెల్సు తినదని. ఇంటికి వోయి పండుకున్న గని నిద్ర పట్టలే. అందుకే వచ్చి మెట్టు మీద కూసున్న."

కన్న కూతురు 'తిన్నది' అని ఫోన్లో అబద్ధం చెబుతుంటే, దయ్యం బయట మెట్టు మీద కూర్చుని ఫికర్ చేస్తోంది. రాసుకోండి.

యాదగిరి గబగబా చెయ్యి లోపలికి పెట్టాడు. "అమ్మా, గల్లుప్పు."

అమ్మ ఆ చేతి మీదికి వంగి చూసింది. పక్కకు నెట్టేసింది. "ఇది కిష్టయ్య చెయ్యి గాదు."

"అయ్యో, స్నానం జేసిన చెల్లే," అన్నాడు యాదగిరి, ఏదో నేరం చేసినవాడిలా. "జర ఆగు, ఆటో తెస్త. దవాఖానకు తీస్కపోదాం." పరిగెత్తాడు.

గుమ్మం పక్కన ముగ్గుపిండి డబ్బా కనపడింది. ఆలోచించలేదు. కుడిచెయ్యి మోచేతి దాకా అందులో ముంచి, వీధిలోకి వెళ్ళి, కిటికీ ముందు నిలబడ్డాను. నాచారంలో స్టీలు కొట్టు యజమానురాలు సరోజమ్మ పుట్టింటి గోడలోకి తెల్లటి చెయ్యి దూర్చి, గొంతు బొంగురు చేసి, "అమ్మా, గల్లుప్పు" అంది.

 లోపలినుంచి పొట్లం నా అరచేతికి తగిలింది. దాన్ని పట్టుకున్న వేళ్ళు చల్లగా వణుకుతున్నాయి. ఇక నాణెం పెట్టి చెయ్యి లాక్కోవడమే. అంతకంటే చేయాల్సింది ఏమీ లేదు.

"ఎంత?" అన్నాను.

"ఎప్పటి ధరే."

"జర తగ్గియ్యి."

నేను అనలేదండీ. అదే వచ్చేసింది! నాలుక కొరుక్కున్నాను. లోపల పళ్ళెం చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో నా మణికట్టును ఒక పిడికిలి గట్టిగా పట్టుకుంది.

"సరోజా?"

ఆ పేరు ఆమె నోట వినక ఏడాదిన్నర దాటింది.

"బోణీల బేరమాడుతవా, సిగ్గులేనిదానా? గింత పెద్దదాన్ని జేసి ఏం నేర్పిన నీకు? ఆ ముగ్గంత పూసుకునుడేంది? పో, లోపటికొచ్చి చేతులు కడుక్కో."

"వస్తనమ్మా. ముందు గిది తీస్కో," అని నాణెం వదిలాను. అమ్మ దాన్ని కళ్ళకద్దుకుని ఉంటుంది. గోడ అవతలున్నాను, పైగా నా కళ్ళ నిండా నీళ్ళు, కనపడలేదు.

"సరోజా," అంది మళ్ళీ. "జర పక్కకు జరుగు బిడ్డా. నీ ఎనక కిష్టయ్య నిలబడ్డడు. పెద్దమనిషి, ఎంతసేపు నిలబడతడు?"

నేను వచ్చేటప్పుడు వీధిలో ఎవరూ లేరు. యాదగిరి అప్పటికి చౌరస్తా దగ్గర ఉండాలి. మెడ వెనక చలి తగిలింది. తడి సున్నం వాసన వచ్చింది. నా చేతిదేమో అనుకున్నాను, కానీ ముగ్గుపిండికి ఆ వాసన ఉండదు.

వెనక్కి తిరిగి చూశానా అని అడక్కండి. పక్కకు జరిగాను. మర్యాదగా, ఒక మనిషి పట్టేంత.

తర్వాత లోపలికి వెళ్ళి చక్కెర వేసిన జావ పడితే అమ్మ గిన్నె ఖాళీ చేసింది. వణుకు తగ్గింది, మొహంలోకి రక్తం వచ్చింది. అయినా ఆటో వచ్చాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. గోలీ వేసి తిండి పెట్టనందుకు ఆయన నన్ను పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయను. ఆటో అతను అడిగినంతా మాట్లాడకుండా ఇచ్చేశాను.

ఇంటికొచ్చి కింద పడ్డ కాగితం విప్పాను. మేకు పోయిన చోటల్లా చిల్లు.

"పొద్దుగాల ఆరింటికి యాదగిరన్న కిటికీ కాడికి వస్తడు. చెయ్యి తెల్లగ ఉంటది, భయపడకు. అమ్మ కిష్టయ్య అనుకుంటది, అనుకోనియ్యి. బోణీ కానిదే అమ్మ ముద్ద ముట్టదు. ఇది తెల్సుకోనీకి నాకు అయిదు నెలలు పట్టింది. అన్ని రోజులు కొట్లాడి తినిపించిన, నన్ను కొరికింది గూడ. బోణీ అయినంకనే గోలీ వెయ్యి. ఎప్పుడన్న యాదగిరన్న రాకుంటె నువ్వే చేతికి ముగ్గు పూసుకుని పో. కానీ సరోజా, నీకు దండం పెడత, బేరమాడకు."

ఆ రోజు సాయంత్రం, వదిన నిద్ర లేచిందని తెలిసాక, ఆమెకు ఫోన్ చేసి జరిగిందంతా ఒప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను. అమ్మ తిన్నదా అని రెండుసార్లు అడిగి రూఢి చేసుకుని ఊరుకుంది.

"వదినా, నాలుగు రోజులు గాదు. వారం ఉండు."

 "పది," అంది.

"సరే."

"పదిహేను?"

"సరే వదినా."

 ఈసారి వదినకు అనుమానం వచ్చింది. "ఏయ్, ఎవరు మాట్లాడేది? ఫోను సరోజకియ్యి!"

అమ్మ ఆ తర్వాత మరో రెండేళ్ళు ఉంది. మూడు నెలలకోసారి వదిన పదిహేను రోజులు నిద్రపోవడానికి వెళ్ళేది. యాదగిరికి సెలవున్న రోజుల్లో నేనే ముగ్గు పూసుకుని బోణీకి నిలబడేదాన్ని. మళ్ళీ నా పేరు పిలుస్తుందేమోనన్న ఆశతో ఒకసారి, మెల్లగా, "జర తగ్గియ్యి" అని కూడా అన్నాను. "ఇష్టముంటె తీస్కో, లేకుంటె వాపస్ పెట్టు," అంది మా అమ్మ.

కాబట్టి పాఠకులారా, దోసెడు గల్లుప్పులో చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. చీరల మీద బేరమాడతాను, ఆటోల మీద ఆడతాను, అవసరమైతే మంత్రగాళ్ళ మీద కూడా ఆడతాను. ముసలివాళ్ళను కనిపెట్టుకుని ఉండే మనిషి నిద్ర మీద మాత్రం ఈ జన్మలో బేరమాడను. వాళ్ళు రెండు కాగితాలిస్తే రెండూ చదువుతాను, పదిస్తే పదీ చదువుతాను. ఇప్పటికీ పుట్టింటికి వెళితే ఆ కిటికీ ముందు ఒక్క నిమిషం నిలబడతాను. నిలబడేటప్పుడు కాస్త పక్కకు జరిగే నిలబడతాను. వెనక పెద్దమనిషి ఉన్నాడేమో, ఎవరు చూడొచ్చారు? నేనైతే చూడను.